తుపాకిమందు ఎప్పుడు పుట్టాలి? ఫాంటసీ లోకంలో సాంకేతికతను నడిపే పద్ధతి

డైస్ వేస్తూ పాత్రలు పోషించే ఫాంటసీ టేబుల్‌టాప్ ఆటలో మూడో సెషన్‌లోనో నాలుగో సెషన్‌లోనో ఆ ప్రశ్న వచ్చి తీరుతుంది. హైదరాబాద్ టేబుళ్ల మీద ఇంకా తొందరగా వస్తుంది. ఆడేవాళ్లలో సగం మంది ఇంజినీర్లే మరి. "అన్నా, ఈ లోకంలో సూరేకారం దొరుకుతదా?" అని ఎవరో ఒకరు ఏమీ ఎరగనట్టు అడుగుతారు. సూరేకారం తుపాకిమందుకు ముడిసరుకు కాబట్టి ఎటు పోతున్నారో మీకు అర్థమైపోతుంది.

గేమ్ మాస్టర్లు (జీఎంలు), అంటే లోకాన్ని తయారుచేసి ఆట నడిపేవాళ్లు, సాధారణంగా రెండు రకాలుగా తప్పించుకుంటారు. "ఇక్కడ కెమిస్ట్రీ వేరు, మందు పేలదు" అనేది మొదటిది. "సరే, ఇరవై ముఖాల డైస్ వెయ్. ఇరవై పడిందా? అయితే తుపాకీ వచ్చేసింది" అనేది రెండోది. మొదటి జవాబుతో ప్లేయర్ మొహం వాడిపోతుంది, రెండో జవాబుతో మీ లోకం విలువ పోతుంది. వీటికి తోడు ఇంకో తలనొప్పి ఉంది. మూడు వేల ఏళ్లుగా నడుస్తున్న సామ్రాజ్యం అని మీరే రాసుకున్నారు, మొదటి రాజు చేతిలో ఉన్న కత్తే ఇప్పటి రాజు చేతిలోనూ ఉంది. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

కింద చెప్పే పద్ధతి ఈ రెండు చిక్కులనూ ఒకే లెక్కతో విప్పుతుంది. కావలసినవి ఒక ఏ ఫోర్ కాగితం, పెన్సిలు, పన్నెండు ముఖాల డైస్. క్యాంపెయిన్ (సెషన్ల మీదుగా సాగే కథ) మధ్యలో ఉన్నా మొదలుపెట్టవచ్చు.

ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆలోచన చవక. ఒక వస్తువు లోకంలోకి రావాలంటే ఖరీదైనవి నాలుగు: సరుకు, చెయ్యి, సొమ్ము, ఎదురు. సరుకు అంటే ముడిపదార్థం. చెయ్యి అంటే ఆ పని నేర్చిన మనిషి. సొమ్ము అంటే పని ఫలించేదాకా కూడు పెట్టేవాడు. ఎదురు అంటే ఆ వస్తువు వస్తే నష్టపోయేవాడి బలం.

1. లోకమంతటికీ ఒకే "యుగం" రాయకండి

"మధ్యయుగం స్థాయి" అని ఒక ముక్క రాసి వదిలేయడమే మొదటి పొరపాటు. ఏ కాలంలోనూ అన్ని వృత్తులూ ఒకే మెట్టు మీద నిలబడలేదు. పదిహేడో శతాబ్దపు గోల్కొండ రాజ్యాన్నే తీసుకోండి. ఇప్పటి నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో కరిగించిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. కొల్లూరు గనుల వజ్రాలు దేశదేశాలకు వెళ్లేవి. కొండమీది కోటకు మట్టి గొట్టాలతో, చక్రాలతో మెట్టు మెట్టుగా నీళ్లు ఎక్కించేవారు. సరుకు మాత్రం మచిలీపట్నం రేవుకు చేరాలంటే ఎద్దే దిక్కు.

కాగితం మీద ఏడు వరుసలు గీయండి: లోహం, నీళ్లు, రవాణా, కబురు, సేద్యం, వైద్యం, యుద్ధం. ఒక్కో వరుసలో రెండే మాటలు రాయండి, రాజధానిలో దొరికే మేలురకం ఒకటి, మారుమూల ఊళ్లో దొరికేది ఒకటి. ఈ రెండింటి మధ్య దూరం ఏ వరుసలో ఎక్కువుందో మీ కథ అక్కడే ఉంటుంది. అన్ని వరుసలూ సమానంగా వస్తే కనీసం రెండింటిని పైకో కిందికో జరపండి.

గోల్కొండ దగ్గరే కదా, ఒక ఆదివారం పొద్దున టీమ్‌ను ఫతే దర్వాజా దగ్గర నిలబెట్టండి. తలుపులకు దిగ్గొట్టిన ఇనుప మేకులు ఏనుగు తలతో కుమ్మకుండా పెట్టినవి. అదే కోటకు ఫిరంగులు నిలపడానికి కట్టిన బురుజులూ ఉన్నాయి. రెండు కాలాల యుద్ధం ఒకే గోడలో కనబడుతుంది. మీ లోకంలోని కోటలనూ ఇలాగే వర్ణించండి. పాతది తీసేసి కొత్తది కట్టరు, పాతదాని మీదే అతుకేస్తారు.

2. మంత్రానికి రేటు కట్టండి

ఈ పని చేయకుండా ముందుకు పోవద్దు. మంత్రం చవగ్గా దొరికే చోట యంత్రం పుట్టదు. మంత్రం దొరకని చోట, దొరికినా జనానికి అందని చోట పుడుతుంది.

లెక్క ఇలా వేయండి. రాజధాని జనాభా లక్ష అనుకుందాం. రెండు వేల మందికి ఒక మంత్రగాడు ఉంటే మొత్తం యాభై మంది. ఒక్కొక్కరు రోజుకు మూడు గాయాలు మాన్పగలరు. అంటే ఊరంతటికీ రోజుకు నూట యాభై వైద్యాలు, అవీ డబ్బున్నవాళ్లకే. కాబట్టి బజార్లో ఎముకలు కట్టేవాడికీ ఆకుపసరు పోసేవాడికీ పని ఉంటుంది. సంఖ్యను రెండు వేల నుంచి రెండు వందలకు మార్చి చూడండి. మంత్రగాళ్లు ఐదు వందల మంది అవుతారు, వైద్యాలు రోజుకు పదిహేను వందలు. ఇప్పుడు ఆ ఊళ్లో వైద్యశాస్త్రం ఎదగదు, ఎవరికీ దాని అవసరం పడదు.

కొత్త జీఎంలు నిప్పు గోళాల గురించి కంగారు పడతారు. అవి యుద్ధాన్ని మారుస్తాయి, అంతే. లోకాన్ని తలకిందులు చేసేవి చిన్న మంత్రాలు: దీపం వెలిగించేది, విరిగినది అతికించేది, నీళ్లు పుట్టించేది, దూరాన ఉన్నవాడికి మాట చేరవేసేది. ఒక కుర్రాడు ఊరికే రోజంతా దీపం వెలిగించగలిగితే మీ లోకంలో నూనె వ్యాపారి ఎందుకున్నాడు? విరిగిన బండి ఇరుసు క్షణంలో అతుక్కుంటే వడ్రంగి ఎలా బతుకుతున్నాడు? ఈ నాలుగు రకాల మంత్రాలకూ రోజు కూలిలో ధర రాయండి. ధర రోజు కూలికి లోపే ఉంటే ఆ వరుసలో సాంకేతికత ఆగిపోయిందని గుర్తు పెట్టండి. పది రోజుల కూలి దాటితే అక్కడ ఎవరో ఒకరు ఏదో యంత్రం మీద తంటాలు పడుతూ ఉండాలి. ఆ మనిషికి పేరు పెట్టేయండి, మీ ఎన్‌పీసీ (జీఎం నడిపే పాత్ర) తయారు.

3. ఒకే మార్పు ఎంచుకొని గొలుసు విప్పండి

ఒక క్యాంపెయిన్‌కు ఒక మార్పు చాలు. అచ్చుయంత్రం, తుపాకీ, గాలి ఓడ మూడూ ఒకేసారి తెస్తే ఏదీ గుర్తుండదు.

తుపాకిమందే అనుకుందాం. బొగ్గు ఎక్కడైనా కాలుస్తారు. గంధకం అన్ని దేశాల్లో దొరకదు, అగ్నిపర్వతాల వైపు నుంచి రావాలి, అంటే ఓడ కావాలి, ఆ దారి ఎవరి చేతిలో ఉందో తేలాలి. సూరేకారం పశువులను కట్టే చోట, పాత గోడల అడుగున తెల్లగా పూసే మట్టిలో ఉంటుంది. ఆ మట్టిని నీళ్లలో నానబెట్టి, వడకట్టి, మరిగించి తీయాలి. వానాకాలంలో ఆ పూత కొట్టుకుపోతుంది కనుక పని సాగేది పొడి రోజుల్లోనే. దాన్ని తీసేవాళ్లు ఊళ్లో జనం కొట్టాలను తవ్వుతూ తిరుగుతారు, ఇంటివాళ్లతో రోజూ గొడవే. పొడిగా కలిపిన మందు బండి కుదుపులకు దేనికది విడిపోయి అడుగు చేరుతుంది, తడిగాలికి చెమ్మ పడుతుంది. దాన్ని తడిపి గుళికలుగా చేయడం తెలిసేదాకా ఒకరోజు పేలుతుంది, ఒకరోజు తుస్సుమంటుంది. ఆ పైన గొట్టం. కంచు పోత పోసేవాడు కావాలి. గంటలూ విగ్రహాలూ పోసే చేతులే ఫిరంగీ పోస్తాయి కాబట్టి అది గుళ్లతో, కోవెలలతో బేరం.

ఇప్పుడు లెక్కపెట్టండి. గంధకం ఓడ, కొట్టాల తగాదా, గుళికల రహస్యం, పోత పోసేవాడు. నాలుగు సాహసాలు చేతికొచ్చాయి, నాలుగింటిలో ఏదీ గుహలో రాక్షసుడిని చంపడం కాదు. పేలుడు ఎలా చేయాలో టేబుల్ మీద వివరించక్కర్లేదు. ఏ ముడి ఎక్కడ పడిందో తెలిస్తే ఆట నడుస్తుంది.

"చెయ్యి" అనే లెక్కను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మన ఉక్కు సంగతే చూడండి. ఇనుము ముక్కలను, బొగ్గయ్యే కట్టెనూ ఆకులనూ మట్టి మూసలో పెట్టి, మూత పెట్టి మట్టితో మెత్తుతారు. కొలిమిలో పెట్టి తిత్తులు ఊదుతూ గంటల తరబడి కాలుస్తారు. లోపల కరిగిందో లేదో తెరిచి చూడటానికి లేదు. మూసను కదిపితే లోపలి నుంచి తగిలే బరువును, చప్పుడును బట్టి తెలుసుకోవాలి. నిదానంగా చల్లారిస్తే గుండ్రటి దిమ్మ వస్తుంది. అంతా అయ్యాక ఆ దిమ్మను మామూలు ఇనుములా తెల్లగా కాల్చి కొడితే ముక్కలైపోతుంది. యూరప్ కమ్మరులు చాలామంది సరిగ్గా అక్కడే దెబ్బతిన్నారు. తక్కువ వేడిలో ఓపికగా సాగదీయాలి. ఈ మాటలన్నీ ఒక ప్లేయర్ పుస్తకంలో చదివి వచ్చినా చెయ్యి రాదు. కమ్మరిని బతిమాలి తెచ్చుకోవాలి, లేదా ఏళ్ల తరబడి మూసలు పగలగొట్టుకోవాలి.

ఆవిరి కథ కూడా ఇలాంటిదే. 1712లో న్యూకోమెన్ యంత్రం ఇంగ్లండ్‌లో బొగ్గు గనిలో నీళ్లు తోడింది. అది మింగే బొగ్గుకు ఇంకెక్కడ పెట్టినా దివాలా తీసేవారే, గని గట్టున బొగ్గు దాదాపు ఊరికే వస్తుంది కాబట్టి నడిచింది. జేమ్స్ వాట్ పేటెంట్ 1769 నాటిది. కానీ సిలిండర్‌ను సరిగ్గా గుండ్రంగా తొలిచే పనితనం ఫిరంగి గొట్టాలు తొలిచే విల్కిన్‌సన్ పద్ధతి నుంచి వచ్చింది, అది 1774లో. యంత్రాలు పనిలోకి దిగింది 1776లో. తెలివికీ పనికీ మధ్య ఏడేళ్లు. మన ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో తేలితే, తవ్వకం మొదలైంది 1889లో.

4. గడియారం గీయండి

మీరు ఎంచుకున్న మార్పు ఎంతదాకా వచ్చిందో చూపడానికి ఒక వృత్తం గీసి ఎనిమిది ముక్కలు చేయండి. పక్కన నాలుగు లెక్కలకూ (సరుకు, చెయ్యి, సొమ్ము, ఎదురు) 0 నుంచి 3 దాకా మార్కులు వేయండి. ఎదురుకు మాత్రం తిరగేసి వేయాలి: ఎవరూ అడ్డం లేకపోతే 3, రాజ్యమే నిషేధించి తలలు తీస్తుంటే 0.

ఆటలో ఏడాదికి మూడు సార్లు, వానాకాలం, చలికాలం, ఎండాకాలం ముగిసినప్పుడల్లా, పన్నెండు ముఖాల డైస్ వేయండి. నాలుగు మార్కుల మొత్తానికి సమానంగానో తక్కువగానో పడితే ఒక ముక్క నింపండి. 12 పడితే మొత్తం ఎంతున్నా ప్రమాదమే: ఒక ముక్క చెరిపేయండి, జనం కళ్లెదుట ఏదో ఒకటి కాలిపోవాలి లేదా కూలిపోవాలి. నాలుగింట్లో ఏ ఒక్కటి 0 ఉన్నా డైస్ ముట్టుకోవద్దు.

చివరి నియమమే మూడు వేల ఏళ్ల ప్రశ్నకు జవాబు. జనానికి తెలివి లేక ఆగలేదు, ఎక్కడో ఒక సున్నా కూర్చుంది. ఆ సున్నా ఏదో మీకు తెలిసి ఉండాలి, ప్లేయర్లు వెతికితే దొరకాలి.

అంచనా కోసం: మొత్తం 4 ఉంటే గడియారం నిండటానికి సుమారు పది పదకొండేళ్లు పడుతుంది. 6 ఉంటే ఆరేళ్లు దాటుతుంది, 9 ఉంటే నాలుగేళ్లు. పూర్తి 12 ఉన్నా మూడేళ్ల పైమాటే. మీ క్యాంపెయిన్ ఆట కాలంలో ఆరు నెలలే నడిచేదైతే ఎనిమిది ముక్కలకు బదులు నాలుగు పెట్టి, నెలకోసారి వేయండి.

నిండిన ప్రతి ముక్కా టేబుల్ మీద కనబడాలి, లేకపోతే ఇదంతా మీ నోట్‌బుక్‌లో ఒంటరిగా ఆడుకోవడమే అవుతుంది. మొదటి రెండు ముక్కలకు పుకార్లు చాలు. మూడో ముక్కకు చెడిపోయిన నమూనా ఒకటి ఎక్కడో దొరుకుతుంది. నాలుగుకు దర్బారులో వేడుకగా ఒకసారి పనిచేస్తుంది. ఐదుకు ఒక కార్ఖానా. ఆరుకు రహస్యం బయటికి పొక్కి అనుమతి లేని రెండో కార్ఖానా, ఎక్కువ గొడవ ఇక్కడే పుడుతుంది కనుక ఈ ముక్కకు కనీసం ఒక సెషన్ కేటాయించండి. ఏడుకు ధర పడిపోతుంది. ఎనిమిదికి బజార్లో అమ్ముతారు.

ప్లేయర్లు ఒక సాహసం పూర్తి చేస్తే ఒక లెక్కలో ఒక మార్కు పెంచవచ్చు, గడియారం ముక్కను మాత్రం నేరుగా నింపలేరు. ఇరవై పడింది కదా అని ఈ నియమం సడలిస్తే పద్ధతి మొత్తం పోతుంది.

విపత్తు వస్తే సొమ్ము లెక్క ఒక్కసారిగా 3కు పెంచండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాకే పెద్ద ఆనకట్టలకు ఖజానా తెరుచుకుంది, విశ్వేశ్వరయ్యను పిలిపించారు. అయినా ఉస్మాన్ సాగర్ పూర్తయింది 1920లో, హిమాయత్ సాగర్ 1927లో. సొమ్ము దొరికినా కాలం కాలమే.

5. నష్టపోయేవాళ్లను బోనెక్కించకండి

కొత్తదాన్ని అడ్డుకునేవాడిని మూర్ఖ పూజారిగానో దుష్ట మంత్రిగానో చూపిస్తే ప్లేయర్లు రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. వాళ్ల వైపు లెక్క నిజంగా బలంగా ఉండాలి. గోవాలో అచ్చుయంత్రం 1556లోనే దిగింది. 1580లో అచ్చులో వచ్చిన బహుభాషా బైబిల్‌ను జెసూట్ పాద్రీలు అక్బరుకు కానుకగా ఇచ్చారు. మొగలు దర్బారు అచ్చును పట్టించుకోలేదు. అద్భుతమైన దస్తూరీ ఉన్న లేఖకులు వందల మంది కొలువులో ఉండగా, ఆ వంకర అచ్చక్షరాలు ఎవరికి కావాలి?

మీ లోకంలో లిపిని కూడా చూసుకోండి. ముప్పై అక్షరాల లిపికి అచ్చు తేలిక. మనలాగా గుణింతాలూ వత్తులూ ఉన్న లిపికి వందల అచ్చు దిమ్మలు పోయాలి, వాటిని పేర్చేవాడు లిపి మొత్తం చేత్తో ఎరిగి ఉండాలి. ఎల్ఫుల లిపి ఎంత అందంగా ఉంటే వాళ్ల అచ్చుయంత్రానికి "చెయ్యి" మార్కు అంత తక్కువ వేయండి.

సికింద్రాబాద్ నుంచి వాడికి 1874లో నిజాం రైలు పడింది. రైళ్లు పాకిన కొద్దీ ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసే లంబాడీ బిడార్లకు బేరం తగ్గింది. అలాంటి బిడారు నాయకురాలు ఒకామెను మీ కథలో పెట్టండి. ఆమెకు వేలెత్తి చూపేంత తప్పేమీ లేదు. పార్టీని, అంటే ప్లేయర్ల జట్టును, అడవి దాటించింది ఆమే, ఇప్పుడు వాళ్లు గెలిపిస్తున్న యంత్రం ఆమె మందను అమ్మిస్తుంది.

6. మూడు ధరలు మార్చండి, చాలు

గడియారం నిండాక ధరల పట్టిక మొత్తం తిరగరాయాలని కూర్చోకండి, మధ్యలో వదిలేస్తారు. ఆ వస్తువు ధర, దాని ముడిసరుకు ధర, దాని వల్ల చితికిపోయిన పాతదాని ధర, ఈ మూడే మార్చండి. రవాణా మారితే దూరాన్ని రోజుల్లో చెప్పడం మొదలుపెట్టండి. హైదరాబాద్ నుంచి మచిలీపట్నం సుమారు 340 కిలోమీటర్లు. ఎద్దుబండి రోజుకు ఇరవై నాలుగు లాగితే పద్నాలుగు పదిహేను రోజుల దారి. అదే రెండు రోజులైతే చేప కుళ్లకుండా వస్తుంది, దొంగల ముఠాకు పని పోతుంది, గూఢచారి ముందే చేరుకుంటాడు. ఆ మూడూ మూడు సెషన్లు.

7. తుపాకీ పార్టీ చేతికొచ్చినప్పుడు

తుపాకీని "ఎక్కువ డ్యామేజ్ ఉన్న విల్లు"గా రాస్తే మూడు సెషన్లలో అందరి చేతిలో అదే ఉంటుంది. వత్తి తుపాకీని మళ్లీ నింపడానికి అర నిమిషం పైనే పడుతుంది. మీ ఆటలో రౌండ్ ఆరు సెకన్లైతే అది ఐదు రౌండ్ల పైమాట, అంటే పోరాటానికి ఒక గుండు. దెబ్బ గట్టిగా ఉండనివ్వండి, వానలో పేలదని చెప్పండి, వెలిగే వత్తి చీకట్లో దూరానికి కనబడుతుందని గుర్తుచేయండి.

మరి సైన్యాలు దాన్ని ఎందుకు పట్టుకున్నాయి? మంచి విలుకాడు తయారవడానికి ఏళ్లు పడుతుంది, తుపాకీవాడిని కొన్ని వారాల్లో నిలబెట్టవచ్చు. కాబట్టి మార్పు పార్టీ బలంలో కాదు, జమీందారు బలంలో చూపించండి. నిన్నటిదాకా రైతులకు భయపడి పన్ను తగ్గించిన దొర, ఇవాళ మూడు వందల మంది రైతుల చేతికి తుపాకులిచ్చి పక్క ఊరి మీదికి తోలుతాడు.

సాంకేతికత గెలుపు ఖాయం చేస్తుందని కూడా అనుకోకండి. 1687లో ఔరంగజేబు సైన్యం ఫిరంగులతో గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించింది. గోడ కింద పెట్టిన మందుపాతరలు పెట్టినవాళ్ల మీదికే ఎగిశాయి. చివరికి లంచం తిన్న లోపలి మనిషి ఒకడు తలుపు తీశాడు. మీ కోటకు ఫిరంగి ఎంత డ్యామేజ్ చేస్తుందో రాసే ముందు, తలుపు తీయగల మనిషి ఎవరో, అతని ధర ఎంతో రాసుకోండి.

8. గడియారాన్ని వెనక్కీ తిప్పండి

ఇది ఎక్కువమంది వదిలేసే మెట్టు, నాకైతే అన్నింటికన్నా ఇష్టమైనది. నిండిన గడియారం పక్కన కూడా నాలుగు మార్కులూ ఉంచండి. ఏదైనా 0 అయి వరుసగా మూడు కాలాలు అలాగే ఉంటే, ఆ తర్వాత ప్రతి కాలానికీ ఒక ముక్క చెరిపేయండి. అడవులు తరిగి బొగ్గు ప్రియమైతే సరుకు సున్నా. బయటి నుంచి చవక ఇనుము దిగితే సొమ్ము సున్నా. కొడుకులు తండ్రి పని వదిలేస్తే చెయ్యి సున్నా. మన మూస ఉక్కు పంతొమ్మిదో శతాబ్దం చివరికి కనుమరుగైంది. ప్రయోగశాలల్లో దాని గుట్టు విప్పడానికి చాలా కాలం పట్టింది.

ముక్కలు ఐదు కంటే తగ్గిన వస్తువును కొత్తగా ఎవరూ చేయలేరు, ఉన్నవి మాత్రం పనిచేస్తాయి. దాని ధర పదింతలు చేయండి, విరిగితే అతికేవాడు లేడని పక్కన రాయండి. పాత సమాధిలో దొరికే కత్తికి ఇక ప్లస్ వన్ మంత్రం (డైస్ ఫలితానికి ఒకటి కలిపే బలం) పెట్టనక్కర్లేదు. అది మామూలు మూస ఉక్కు కత్తే. ప్లేయర్ దాన్ని పదును పెట్టించడానికి ఊరి కమ్మరి దగ్గరికి తీసుకెళ్తే, అతను అలవాటు ప్రకారం కొలిమిలో తెల్లగా కాల్చబోతాడు. ఆపుతారో లేదో అడగండి, డైస్ వాళ్ల చేతికివ్వండి.